ఎడమ రెండూ కుడి రెండూ

ఆ కారుకున్న నాలుగు టైర్లూ ఒకరివి కావు. ఎడమ వైపు రెండూ పెద్దోడివి, కుడి వైపు రెండూ చిన్నోడివి. ఇంజనూ తలుపులూ సీట్లూ ఇద్దరివీ. డిక్కీలో పడుకున్న స్టెప్నీ కూడా ఉమ్మడి ఆస్తే, అందుకే దాంట్లో గాలి ఉందో లేదో ఏనాడూ ఎవరూ చూసిన పాపాన పోలేదు.

వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. టాక్సీ స్టాండులో వాళ్ళు కడుపుబ్బ నవ్వారు కూడా. కానీ ఆ పంపకం చేసిన మనిషి నవ్వులాటకి చెయ్యలేదు. ఆవిడ ఆ ఇద్దరి తల్లి. కారు స్టీరింగు ఏనాడూ ముట్టుకోలేదు గానీ, ఇద్దరు మగపిల్లల మధ్య దేన్ని ఎలా కొయ్యాలో ఆవిడకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పెద్దోడంటే ఇప్పుడు యాభై దాటిన మనిషి. తల సగం నెరిసింది. స్టాండులో కుర్రకారంతా ఆయన్ని పెద్దాయన అంటారు, ఇంట్లోనూ వీధిలోనూ మాత్రం పెద్దోడే. తండ్రి చేతి కింద డ్రైవింగు నేర్చుకుని, తండ్రి లాగే నడుపుతాడు. మలుపు ఇంకా కనపడకుండానే కాలు బ్రేకు మీదికి పోతుంది. తొందరపడే బేరం ఎక్కితే, "ఇంకో బండి చూసుకోండి బాబూ" అని మొహం మీదే చెప్పేస్తాడు. తండ్రి ఇచ్చిపోయిన ఆ టాక్సీ పగలు ఆయనది. చీకటి పడ్డాక తమ్ముడిది. తమ్ముడు నడిపేది వేరే ధోరణి. రాత్రి పూట రోడ్లు ఖాళీగా ఉంటాయి, రైలు అందుకోవాలని కంగారుపడే జనం ఎక్కుతారు, యాక్సిలరేటరు తొక్కగలిగినంతా తొక్కుతాడు. మంచివాడే. పిల్లలంటే ప్రాణం. ఎవరైనా ఆపదలో ఉంటే బాడుగ అడగడు. కాకపోతే కాలికి కళ్ళెం లేదు.

నాలుగేళ్ళ కిందట ముందు టైర్లు రెండూ ఏడాది తిరక్కుండానే అరిగి నున్నగా గుండయిపోయాయి. మార్చేటప్పుడు అన్నదమ్ములకి స్టాండులోనే మాటా మాటా పెరిగింది. పెద్దోడు సాధారణంగా పది మాటల చోట ఒక్కటి అనే మనిషి. ఆ ఒక్కటీ ఆ రోజు అన్నాడు.

"నాన్న నీ చేతికి తాళాలిచ్చాడు గానీ డ్రైవింగు ఇవ్వలేదురా!"

పది మంది ముందు. అందులో సగం మంది తండ్రి స్నేహితులు. చిన్నోడు తాళాలు బానెట్ మీద పెట్టి నడుచుకుంటూ ఇంటికి పోయాడు. మళ్ళీ అన్నతో మాట్లాడలేదు. అన్న కూడా, తప్పు తనదని తెలిసీ, పలకరించలేదు. వాడే వస్తాడులే అని ఒక వారం ఊరుకున్నాడు. ఆ తర్వాత ఇక నోరు పెగల్లేదు. ఇంటికి నడిమధ్యన గోడ లేచింది. వసారా మాత్రం ఒకటే మిగిలింది. ఆ వసారా గూట్లో కారు తాళాలు. ఒకడు పెడితే ఒకడు తీసుకోవడం.

టైర్ల ఖర్చు తగువు తల్లి దగ్గరికి పోయింది. ఆవిడ ముందు సులువుగానే చెప్పింది. ముందు రెండూ ఒకడు చూసుకోవాలి, వెనక రెండూ ఒకడు. ముందువి తొందరగా అరుగుతాయని కోడళ్ళు చెప్పేసరికి కాసేపు ఆలోచించింది. ముందువి ఎవడికిచ్చినా వాడికి అన్యాయం. అందుకని దోసకాయని నిలువునా చీల్చినట్టు కారుని పొడుగునా చీల్చేసింది. ఇక ఒక్కొక్కడికి ముందొకటీ వెనకొకటీ. ఇద్దరూ మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఎంత నిక్కచ్చిగా ఒప్పుకున్నారంటే, రాత్రి పూట ఎడమ టైరుకి పంక్చరు పడితే చిన్నోడు అతుకు వేయించి, టైర్లోంచి పీకిన మేకుని తాళాల పక్కన పెట్టేవాడు. పొద్దున పెద్దోడు ఆ మేకు తీసి, అతుకు డబ్బులు అక్కడ పెట్టేవాడు. కుడి వైపుదైతే మేకు పెట్టే వంతు పెద్దోడిది. నాలుగేళ్ళుగా వాళ్ళు చెప్పుకున్న కబుర్లు ఆ మేకులే.

పోయినేడు తల్లి పోయింది. ఆవిడతో పాటు ఆవిడ పెట్టిన కట్టుబాట్లన్నీ ఒక్కొక్కటే చెదిరిపోయాయి. ఎవరి వంట ఎప్పుడు, ఎవరి బట్టలు ఏ తీగ మీద, ఇవేవీ మిగల్లేదు. టైర్ల పంపకం ఒక్కటే నిలిచింది. తల్లి మాట అంటూ ఇద్దరూ కలిసి నిలబెడుతున్నది అదొక్కటే. ఇది మూర్ఖత్వమంటే పెద్దోడు ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, ఆ మూర్ఖత్వాన్నే గట్టిగా పట్టుకుంటాడు.

ఈసారి వానలు ఇంకా మొదలవక ముందే నాలుగు టైర్లూ నున్నబడ్డాయి. పెద్దోడు ఎలాగో కూడబెట్టి రెండు టైర్లకి సరిపడా డబ్బు జేబులో వేసుకుని షాపుకి పోయాడు. టైర్ల షాపు నడిపేది ఒకావిడ. మొగుడు పోయాక షాపు తన చేతిలోకి తీసుకుంది. మాట కరుకు, పని శుభ్రం.

"ఎడమ వైపు రెండూ కొత్తవి వెయ్యక్కా," అన్నాడు.

ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి ఒక్కో టైరు మీదా బొటనవేలు రాసి చూసింది.

"మరి కుడి వైపు?"

"అవి మా తమ్ముడివి. వాడికి ఇప్పుడు వీలు కాదు."

వీలు కాదన్న సంగతి తమ్ముడు చెప్పింది కాదు. మగవాళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉన్నా, తోడికోడళ్ళిద్దరూ తీగ మీద బట్టలారేస్తూ అన్నీ చెప్పుకుంటారు. చిన్నోడు కూతుర్ని నర్సింగు చదువులో చేర్చాడు. ఉన్నదంతా అక్కడ కట్టేశాడు. ఈ వానలు వీటితోనే ఈడ్చేస్తానని పెళ్ళాంతో అన్నాడట.

షాపావిడ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఎప్పుడూ మీరిద్దరూ కాస్త అటూ ఇటూగా వచ్చి నాలుగూ మార్పించేవాళ్ళు. అందుకని నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఒక పక్క కొత్తవి, ఒక పక్క గుండ్లు పెడితే ఏమవుతుందో తెలుసా? తడి రోడ్డు మీద బ్రేకు కొడితే కొత్తవి పట్టుకుంటాయి, గుండ్లు జారిపోతాయి. బండి గిర్రున తిరుగుతుంది. నేను వెయ్యను."

"ఇంకో షాపులో వేయించుకుంటాను."

"వేయించుకో. వేసేవాళ్ళు బోలెడు మంది. మళ్ళీ నా గుమ్మం మాత్రం తొక్కకు."

పెద్దోడు కదల్లేదు. ఆవిడే కాస్త మెత్తబడింది. "రెండే కొనగలిగితే ఆ రెండూ వెనక వేయించు తమ్ముడూ. వెనక పట్టు ఉంటే బండి తోక విసరదు."

"అంటే ఒకటి కుడి వైపు పడుతుంది."

"పడితే?"

"మా అమ్మ అలా చెప్పలేదు."

"మీ అమ్మ కారు నడిపిందా ఎప్పుడైనా?"

"లేదు."

"మరి?"

"అయినా అమ్మే కదక్కా."

ఆవిడ నవ్వలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిదానంగా చెప్పింది. "ఒక మాట చెప్తా విను. వెనక రెండు వేసినా ముందు గుండ్లు గుండ్లే. నీళ్ళున్న చోట బండి అనుకున్న దగ్గర ఆగదు. నీలాగా చూసుకుని నడిపేవాడైతే ఎలాగో నెట్టుకొస్తాడు. మీ తమ్ముడు అలా నడుపుతాడా?"

ఆ ప్రశ్నకి పెద్దోడి దగ్గర జవాబుంది. నాలుగేళ్ళ కిందట పది మందిలో చెప్పిన జవాబే అది. ఇప్పుడు అదే నాలుక మీదికి వస్తే చేదుగా అనిపించింది. డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంటికి వచ్చేశాడు.

భార్యకి చెబితే ఆవిడ తేలిగ్గా తీసిపారేసింది. "రెండూ వెనకేయించండి. మరిదికి ఒక టైరు పెట్టినంత మాత్రాన మన ఇల్లేం మునగదు."

"వాడి టైరు వాడికి చెప్పకుండా ఎలా విప్పుతాను?"

"చెప్పి విప్పండి."

"చెప్పడమా?"

"నోరుందిగా!"

నోరైతే ఉంది. ఆ సాయంత్రం పెద్దోడు తాళాలు గూట్లో పెట్టి, లోపలికి పోకుండా వసారాలోనే నిలబడ్డాడు. ఏమనాలో కూడా కూర్చుకున్నాడు. ఒరే, టైర్ల గురించి ఒక మాట. ఇంతే. ఇందులో కష్టమేముంది? చిన్నోడు బయటికి వచ్చాడు, అన్నని చూసి ఒక్క క్షణం తటపటాయించాడు, తాళాలు తీసుకున్నాడు. పెద్దోడి గొంతులోంచి దగ్గు మాత్రం వచ్చింది. కారు వీధి మలుపు తిరిగిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది ఆయనకి.

మర్నాడు పొద్దున్నే వాన మొదలైంది. మొదటి బేరం ఒక ముసలావిడ, ఒళ్ళో సంచీ, ఆసుపత్రికి. రైలు వంతెన కింద రోడ్డు ఒంపు తిరుగుతుంది. నూనె మరకల మీద నీళ్ళు పడి అక్కడ రోడ్డు మెరుస్తోంది. పెద్దోడు ఎప్పటిలా ముందే వేగం తగ్గించాడు, ఎప్పటిలా మెల్లగా బ్రేకు మీద కాలు పెట్టాడు. కారు ఆయన మాట వినలేదు. వెనక భాగం పక్కకి జారింది. స్టీరింగు చేతిలో తేలిపోయింది. బండి రోడ్డుకి అడ్డం తిరిగి, వంతెన గోడకి జానెడు దూరంలో ఆగింది. ఎదురుగా ఏమీ రాలేదు కాబట్టి సరిపోయింది.

వెనక సీట్లో ముసలావిడ సంచీని గుండెలకి అదుముకుని ఉంది. కాసేపటికి, "నేనిక్కడే దిగిపోతాను బాబూ," అంది. ఆయన వద్దంటున్నా పూర్తి బాడుగ సీటు మీద పెట్టి, వానలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన బండి దిగి నడిచిపోయిన మనిషి ఆవిడొక్కతే.

ఆయన భయం తన కోసం కాదు. మెల్లగా వచ్చిన తనకే ఇలా అయింది. ఈ రాత్రి ఇదే ఒంపులోకి, ఇదే నీళ్ళ మీదికి చిన్నోడు వస్తాడు. వెనక ఎవడో రైలుకి టైమైపోతోందంటాడు. వాడు తొక్కుతాడు. అమ్మ ఇద్దరికీ సమంగా పంచింది. ఆ పంపకాన్ని పట్టుకుని తను కూర్చుంటే, అమ్మ కొడుకుల్లో ఒకడు మిగలడు. ఇంత చిన్న విషయం వంతెన గోడ చూపిస్తే గానీ తన బుర్రకెక్కలేదు.

మరి ఎన్ని మార్చాలి? రెండు చాలవు. నాలుగింటికి డబ్బు లేదు. ఉన్న మాట తమ్ముడికి చెబుదామంటే గొంతు లేవదు. చెప్పినా, నాన్న నీకు డ్రైవింగు ఇవ్వలేదన్న నోటితోనే మెల్లగా నడపరా అంటే వాడికి ఎలా వినపడుతుంది? అదే దెబ్బ మీద మరో దెబ్బలా తగులుతుంది. పంతానికి ఇంకాస్త తొక్కినా తొక్కుతాడు.

బండిని నడకలాగా నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు. గుమ్మం ముందు ఆపి, డిక్కీలోంచి జాకీ, పానా తీశాడు. ఇల్లు రెండుగా చేసినప్పుడు గోడకి మిగిలిన ఇటుకలు పెరట్లో ఉన్నాయి. అవి మోసుకొచ్చాడు. వానలో తడుస్తూ ఎడమ వైపు ముందు టైరు విప్పి, కింద ఇటుకలు పేర్చాడు. తర్వాత వెనకది. రెండూ దొర్లించుకుంటూ తన ఇంట్లోకి తీసుకుపోయి మంచం పక్కన గోడకి ఆనించాడు. ఆ రెండూ ఆయనవి. వాటిని తీసుకునే హక్కు ఆయనకి అమ్మ ఇచ్చింది. కుడి వైపు వాటి మీద చెయ్యి వెయ్యలేదు.

"ఇదేం బుద్ధండీ!" భార్య నెత్తి కొట్టుకుంది. "పగలు మీరేం నడుపుతారు? రాత్రి ఆయనేం నడుపుతాడు? ఇల్లెలా గడుస్తుంది?"

"ఎవరూ నడపం," అన్నాడు పెద్దోడు. అంతకు మించి చెప్పలేదు.

వీధి వీధంతా దాన్ని తప్పుగానే అర్థం చేసుకుంది. అయిపోయింది, చివరికి కారుని కూడా ముక్కలు చేసుకున్నారు, తల్లి పోయి ఏడాదైనా కాలేదు అనుకున్నారు. ఒకరిద్దరు గొడుగులేసుకుని మరీ వచ్చి చూసిపోయారు. పెద్దోడు వసారాలో కుర్చీ వేసుకుని అవన్నీ వింటూ కూర్చున్నాడు.

చీకటి పడబోతుండగా చిన్నోడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. గూట్లోకి చెయ్యి పెట్టబోయి, కారు వైపు చూశాడు. ఎడమ వైపంతా ఇటుకల మీద ఉన్న కారుని చూసి చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏంటన్నయ్యా ఇది?"

అన్నయ్యా అన్న పిలుపు వాడి నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వచ్చాక వాడికే సిగ్గేసి మొహం గంటు పెట్టుకున్నాడు.

"నావి నేను తీసుకున్నాను," అన్నాడు పెద్దోడు. "అమ్మ చెప్పినట్టే. నీవి ముట్టుకోలేదు."

"అంటే నేను రోడ్డున పడాలనా? చెప్పు! నా కూతురి ఫీజు కట్టలేక చస్తుంటే నీకు ఇప్పుడు గుర్తొచ్చిందా నీ వాటా? నేను టైర్లు తినేస్తున్నానని మళ్ళీ పంచాయితీ పెడతావా? పెట్టు! పిలు నీ స్టాండు వాళ్ళని!"

వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. మరదలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెద్దోడు కుర్చీలోంచి లేచాడు.

"పొద్దున వంతెన కింద జారిందిరా."

"ఏంటి?"

"బండి. మెల్లగానే వస్తున్నాను. బ్రేకు పట్టలేదు. గోడకి ఇంత దూరంలో ఆగింది." జానెడు చూపించాడు. చిన్నోడు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. "రాత్రి నువ్వు అటే పోతావు. నీకు చెబుదామంటే నాకు మాట రాలేదు. నిన్న కూడా నిలబడ్డాను. రాలేదు. తాళాలు దాచేస్తే నీ దగ్గర మారు తాళం ఉంది. అందుకని ఇవి విప్పేశాను. నాలుగూ మార్చేదాకా బండి కదలదు. తిట్టుకుంటే తిట్టుకో."

"డబ్బులెక్కడివి నాలుగింటికి?"

"నా దగ్గర రెండింటికున్నాయి."

"నా దగ్గర ఒక్కదానికీ లేవు."

"తెలుసు. అందుకే కదలదంటున్నాను."

చిన్నోడు కారు దగ్గరికి పోయి, తన వైపు టైర్ల మీద అరచెయ్యి పెట్టి రాశాడు. అవి ఎలా ఉన్నాయో వాడికి తెలియంది కాదు. తెలిసే రాత్రిళ్ళు తిరుగుతున్నాడు. తర్వాత వంగి ఇటుకల కింద చూశాడు.

"ఒక పక్కే ఎత్తి వదిలేస్తావా? నేల మెత్తబడితే తెల్లారేసరికి ఒరిగిపోతుంది," అన్నాడు విసుగ్గా. "ఇటుకలు ఇంకా ఉన్నాయా?"

"పెరట్లో ఉన్నాయి."

చిన్నోడు చొక్కా విప్పి వసారాలో పడేసి పెరట్లోకి పోయాడు. అన్న జాకీ తిప్పుతుంటే తమ్ముడు నట్లు విప్పాడు. ఇటు పానా, అటు ఇటుక అనే మాటలు తప్ప వేరే మాటల్లేవు. కుడి వైపు రెండు టైర్లూ చిన్నోడి ఇంట్లోకి పోయాయి. నాలుగు మూలలా ఇటుకల మీద కూర్చున్న కారుని చూసి, "పార్సిల్ గోడౌన్‌లో పగటి పూట మూటలెత్తడానికి మనుషులు కావాలంటున్నారు," అన్నాడు చిన్నోడు. "ఎల్లుండి నుంచి పోతాను. నా రెండూ నేను కొనేదాకా నువ్వు ఆగగలవా?"

"ఆగుతాను."

"నువ్వేం చేస్తావు?"

"బళ్ళున్న వాళ్ళు బోలెడు మంది ఉన్నారు. ఎవడో ఒకడికి డ్రైవరు కావాలి." నేల చూస్తూ అన్నాడు. "ఆ రోజు స్టాండులో నేనన్న మాట..."

"వదిలెయ్యి," అన్నాడు చిన్నోడు. చొక్కా తీసుకుని లోపలికి పోయాడు. క్షమించాడో, వినలేకపోయాడో పెద్దోడికి తెలియలేదు. మళ్ళీ అడగడానికి ధైర్యం చాలలేదు.

పెద్దోడికి ఒక అలవాటుంది. దాని గురించి భార్యకి కూడా చెప్పలేదు. రోజూ వెలుగు రాకముందే మెలకువ వస్తుంది. వచ్చాక కళ్ళు మూసుకునే పడుకుని ఉంటాడు. వీధిలో కారు వచ్చి ఆగి, తలుపు పడిన చప్పుడయ్యాక గానీ మంచం దిగడు. మాట్లాడని నాలుగేళ్ళలో ఒక్క రోజు కూడా ఆ చప్పుడు వినకుండా లేచింది లేదు. తల్లి పోయిన తర్వాతి రోజుల్లోనూ అంతే.

ఆ తెల్లవారుజామున మెలకువ వచ్చింది. వాన జోరుగా కురుస్తోంది. చెవులు రిక్కించి విన్నాడు. కారు చప్పుడు లేదు. ఇంకాసేపు విన్నాడు. లేదు. నిద్రమత్తులోనే లేచి, మంచం పక్కన ఉన్న టైర్లకి కాలు తగులుకుని తూలి, తలుపు తీసుకుని వసారాలోకి పడ్డాడు.

కారు ఇటుకల మీద కదలకుండా నిలబడి ఉంది. దాని మీద వాన పడుతోంది.

పెద్దోడు వసారా స్తంభం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు వినపడింది. తమ్ముడి కిటికీలోంచి గురక. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకున్న రోజుల్లో మోచేత్తో పొడిచి ఆపించిన గురక అది. ఎన్నో ఏళ్ళుగా వాడు ఆ వేళకి రోడ్ల మీద ఉండేవాడు. ఆయన మెట్టు మీద కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నానని ఆయనకి కాసేపటి దాకా తెలియలేదు.

బాగా వెలుగొచ్చాక చిన్నోడి కూతురు తలుపు తీసింది. మెట్టు మీద తడిసి కూర్చున్న మనిషిని చూసి నిలబడిపోయింది. గోడ లేచిన తర్వాత ఆ పిల్ల ఆయన్ని పలకరించడానికి భయపడేది.

"పెదనాన్నా, ఏమైంది? నాన్న ఇంకా పడుకునే ఉన్నాడు. లేపనా?"

"వద్దమ్మా," అన్నాడు పెద్దోడు. "పడుకోనీ."